పొట్టకు ఆపరేషన్ అయితే భుజం నొప్పా?

మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ముందు చుట్టాలకు చాయ్ పెట్టాలి. రోగి సంగతి ఆ తర్వాత.

నా మనవరాలు అక్షితకు ఎనిమిదేళ్లు. అపెండిక్స్ వాచిందని నాంపల్లిలో ఒక పిల్లల ఆస్పత్రిలో చేర్చాం. కెమెరా గొట్టం లోపలికి పంపి ఆపరేషన్ చేశారు. పొట్ట మీద మూడే మూడు చిన్న గాట్లు. మర్నాడు సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు. ఆ ‘చిన్న గాట్లు’ అన్న మాటే కొంప ముంచింది. గాటు చిన్నదైతే నొప్పి కూడా చిన్నదేనని మావాళ్లంతా తీర్మానించేశారు. నొప్పిని టేపుతో కొలిచే మేధావులు వీళ్లు!

నా కొడుకు పవన్‌కుమార్‌కు అబిడ్స్‌లో వాచీల దుకాణం ఉంది. ఆపరేషన్‌కు ముందే వాడు కూతురికి ఆశ పెట్టాడు.

“ఏడ్వకుంటే మొజంజాహీ మార్కెట్ల సీతాఫలం ఐస్‌క్రీం తినిపిస్త బిడ్డా. నువ్వు పులివి కదా!”

పిల్ల తలూపింది. ఇక ఆపరేషన్ అయ్యాక వచ్చిన ప్రతివాళ్లకూ అదే చెప్పాడు. “మా పులి ఒక్క చుక్క కన్నీరు పెట్టలే.” ఆ మాట విన్నప్పుడల్లా అది పళ్లు బిగబట్టి నవ్వడం నేను చూస్తూనే ఉన్నాను.

డాక్టరమ్మ నొప్పికి సిరప్ రాసింది. పిల్ల అడిగినా అడగకపోయినా ఆరు గంటలకోసారి మూడు రోజులు పోయమంది. పవన్ ఆ సీసాను ఫ్రిజ్ మీద పెట్టి కూర్చున్నాడు.

“ఊకె మందులు పోస్తే కిడ్నీలు ఖరాబైతయ్ అమ్మా. నొస్తుందని చెప్తేనే పోద్దాం” అన్నాడు.

ఏడవకుండా ఉంటే ఐస్‌క్రీం అని లంచం ఇచ్చింది వీడే. నొస్తే చెప్పమంటున్నదీ వీడే. ఏం తెలివి! ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆ మాటే అడిగాను. జవాబు చెప్పకముందే బెల్ మోగింది. నా మరిది వామన్‌రావు ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని దిగాడు. కోడలు రాణి వంటింట్లోకి పరిగెత్తింది, చాయ్ పెట్టడానికి.

అందరూ మంచం చుట్టూ చేరారు. అక్షిత మోకాళ్లు పొట్టకేసి ముడుచుకుని పడుకుంది. ఊపిరి కూడా భయం భయంగా, సగం సగం తీసుకుంటోంది.

“లే బిడ్డా, జర నడువు” అన్నాడు వామన్‌రావు. “నా హెర్నియా ఆపరేషన్‌కు గింత పొడుగు కోసిన్రు. మూడోనాడే అఫ్జల్‌గంజ్ దాకా నడిచిపోయిన.”

నిరుడు చెప్పినప్పుడు ఆ నడక మా గల్లీ చివరితోనే ఆగిపోయింది.

అక్షిత చిన్నగా అంది. “భుజం నొస్తుంది.”

అందరూ ఘొల్లున నవ్వారు.

“పొట్టకు ఆపరేషన్ అయితే భుజం నొస్తదా? ఇస్కూలు ఎగ్గొట్టే ప్లాన్ ఇది!” అన్నాడు వామన్‌రావు.

పవన్ కూడా నవ్వాడు. “నాటకాలు బంద్ చెయ్ అక్షూ.”

“లేదు డాడీ. నొస్తలేదు” అని పిల్ల గోడవైపు తిరిగిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బతుకంతా బడిలో పిల్లల సాకులు విన్నదాన్ని నేను. సాకు చెప్పే పిల్ల ఎదుటివాళ్లు నమ్మే సాకే చెబుతుంది. పొట్టకు కట్టు కట్టించుకున్న పిల్ల నాటకమే ఆడాలనుకుంటే కడుపు పట్టుకుంటుంది గానీ భుజం పేరెందుకు ఎత్తుతుంది? ఇంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరి బుర్రకూ ఇది తట్టలేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాను. సంగతి చెప్పాను.

“జ్వరం ఉందా? వాంతులు? కడుపు గట్టిగా ఉబ్బిందా?” అని ముందు అడిగింది. ఏవీ లేవన్నాను.

“అయితే అది గ్యాస్ నొప్పమ్మా. కెమెరాతో చూడడానికి పొట్టలోకి గ్యాస్ నింపుతాం. కొంచెం మిగిలిపోయి ఊపిరితిత్తుల కింద ఉండే పొరను ఇబ్బంది పెడుతుంది. ఆ పొర నొప్పి భుజంలో తెలుస్తుంది. చాలామంది పిల్లలకు వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. సిరప్ టైముకు పోస్తున్నారు కదా? నొప్పి అదుపులో లేకపోతే పాప గట్టిగా ఊపిరి తీసుకోదు, లేచి నడవదు.”

పవన్ ఫ్రిజ్ వైపు చూశాడు.

“నిన్న ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా పోయలేదమ్మా” అన్నాను నేను.

“అయ్యో! మరి పాప ఏడవలేదా?”

“ఏడవనివ్వలేదు” అన్నాను.

వామన్‌రావు చాయ్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. పవన్ లేచి ఫ్రిజ్ మీది సీసా తెచ్చాడు. మందు కొలిచి, గీత దాకా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. ఎంత చూసుకున్నా నాకేం జాలి వేయలేదు. వాడు మంచం దగ్గర కూర్చుని పిల్ల వీపు మీద చెయ్యి వేశాడు.

“అక్షూ, నిజంగనే నొస్తుందా నాన్నా?”

అది ఇటు తిరిగింది. గదిలో ఉన్నవాళ్లందరినీ చూసి, చివరికి తండ్రిని చూసింది.

“ఐస్‌క్రీం వద్దు డాడీ” అంది. “నేను ఏడుస్త.”

ఏడ్చింది. గుక్కపట్టి ఏడుద్దామంటే పొట్ట నొప్పి, అందుకని చిన్న చిన్నగా, చెయ్యి పొట్టకు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చుట్టాలను నేనే బయటికి నడిపించాను. వాళ్లు ఏమనుకున్నా నాకు లెక్కలేదు. ఎనిమిదేళ్ల పిల్ల నొప్పికి ఏడవడానికి బేరం ఆడాల్సి వచ్చింది. ఆ మంట నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మందు పని చేశాక అది కాళ్లు చాపుకుని నిద్రపోయింది. సాయంత్రం పక్కింటావిడ పండ్ల సంచీతో వచ్చింది. పవన్ తలుపు సగమే తీశాడు.

“ధైర్యం గల పిల్ల. అస్సలు ఏడ్వలేదట కదా!” అంది ఆవిడ.

“ఏడ్సింది ఆంటీ, మస్తు ఏడ్సింది” అన్నాడు వాడు. “ఇప్పుడే పండుకుంది. రేపు రండ్రి.”

చాయ్ మాట ఎత్తకుండానే తలుపు వేశాడు.