వదిన రాసిన మొదటి వాక్యం

మా వదిన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే అమ్మ కాస్త నసిగేది. "కుక్కర్ల కంపెనీలో పీఆర్వో" అనేది ముందు. వాళ్ళకి అర్థం కాలేదని తోచగానే, "అబద్ధాలకి ఇస్త్రీ చేసే పనిలెండి" అనేసేది. పక్కనే ఉన్న వదిన నవ్వి ఊరుకునేది.

నేనూ అదే కంపెనీలో, ఫ్యాక్టరీ టెస్టింగ్ రూములో పనిచేస్తాను కాబట్టి ఆవిడ పని నాకు కొంత తెలుసు. పొద్దున్నే టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పేపర్లన్నీ తిరగేస్తుంది. ఏ విలేఖరి కూతురికి పరీక్షలో, ఎవరికి మోకాలినొప్పో గుర్తుపెట్టుకుంటుంది. పనుంటేనే ఫోన్ చేసే మనిషి కాదు. అందుకే పనున్నప్పుడు అవతలివాళ్ళు ఫోన్ ఎత్తుతారు. ఆవిడ ఉద్యోగమంటే ఇంతేనేమో అనుకునేవాణ్ణి, కుక్కరు పేలేదాకా.

ఆ రోజు పొద్దున ఒక విలేఖరి ఫోన్ చేశాడు. "ఒక స్కూలు టీచరమ్మ వంటింట్లో మీ కుక్కరు పేలింది. కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. ఏమంటారు?"

"తెలుసుకుని అంటాను. సాయంత్రందాకా ఆగగలరా?"

"మీరు అడిగారు కాబట్టి ఆగుతాను."

వదిన తిన్నగా నా దగ్గరికొచ్చింది. "తప్పు మనదా, కాదా?"

"ఇంకా తెలీదు వదినా."

"తెలిసేదాకా ఇక్కడే కూర్చుంటాను."

అదే రకం కుక్కర్లు తీసి, విజిల్ దారి కావాలని మూసేసి మంట పెట్టాం. మందపాటి అద్దం వెనక నించుని చూస్తున్నాం. ఆవిరి ఎక్కువైతే తెరుచుకుని దారివ్వాల్సిన సేఫ్టీ వాల్వు కదల్లేదు. మూత ఎగిరి కప్పుకి కొట్టుకుంది. రెండోదీ అంతే. ఈ మధ్యే కొత్త చోటినుంచి తెప్పించిన వాల్వులవి.

వదిన నా వైపు తిరిగింది. "ఇవి ఎన్ని ఇళ్ళల్లో ఉంటాయి?"

"వేలల్లో."

ఓనరు గదిలోకి వెళ్ళేసరికి కంపెనీ లాయరు అక్కడే ఉన్నాడు. "ఆవిడ నీళ్ళు పోయకుండా పొయ్యిమీద పెట్టిందని చెబుదాం. కాదని ఎవరు రుజువు చేస్తారు?" అన్నాడు.

ఓనరు వదిన వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళుగా ఆ విలేఖర్లతో స్నేహంగా ఉంటున్నావు కదమ్మా. ఈ ఒక్క వార్త ఆపించలేవా?"

"ఆపించగలనేమో సార్. వార్త ఆగుతుంది గానీ కుక్కర్లు ఆగవు. మనం ఇక్కడ మాట్లాడుకుంటుంటేనే ఎవరి పొయ్యిమీదో ఒకటి ఉడుకుతూ ఉంటుంది."

"చెబితే కంపెనీ మునుగుతుంది."

"మునగొచ్చు. మనమే చెబితే ఈదడానికి కాళ్ళూ చేతులూ మిగుల్తాయి. ఇంకొకళ్ళు బయటపెడితే మెడకి రాయి కట్టుకున్నట్టే. తప్పు ఆవిడ మీదకి తోసే మాట మాత్రం నేను రాయను. అదే కావాలంటే వేరేవాళ్ళతో రాయించుకోండి."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఓనరుకి పోట్లాడ్డం తేలికయ్యేది. ఆయన నా వైపు చూశాడు. "నీ కళ్ళారా చూశావా?"

"చూశాను సార్."

"అయితే రాయమ్మా" అన్నాడు.

వదిన ముందు ఆస్పత్రికి బయల్దేరింది. నేనే కారు తీశాను. ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకెళ్ళమని ప్రకటనల విభాగంవాళ్ళు సలహా ఇస్తే, "పరామర్శకి వెళ్తున్నానా, పెళ్ళికా?" అంది.

టీచరమ్మ భర్త మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేశాడు. వదిన మధ్యలో ఒక్క మాట అనలేదు. ఆయన ఊపిరి పీల్చుకునేందుకు ఆగినప్పుడు, "తప్పు మాదేనండి. పరీక్షచేసి చూసి వస్తున్నాం" అంది. ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు. మంచంమీంచి టీచరమ్మ నీరసంగా అడిగింది: "మా కింది వాటాలోవాళ్ళదీ ఇదే కుక్కరు. వాళ్ళకి చెప్పారా?"

తిరుగుదారిలో వదిన ఒళ్ళో కాగితం పెట్టుకుంది. "గౌరవనీయులైన వినియోగదారులకు విచారంతో తెలియజేయునదేమనగా" అని అప్పటికే మొదలుపెట్టిన ముక్కని కొట్టేసి కొత్తగా రాసింది: "మా కుక్కరు మీ పొయ్యిమీద ఉంటే ముందు మంట ఆపండి, పూర్తిగా చల్లారేదాకా దగ్గరికి వెళ్ళకండి." తప్పు మాదేనని, వాల్వు ఉచితంగా మారుస్తామని ఆ తర్వాతే రాసింది. సాయంత్రానికి ఆ ప్రకటన టీవీలకీ రేడియోకీ పేపర్లకీ వెళ్ళింది. మొదట అందింది మాట ఇచ్చి ఆగిన ఆ విలేఖరికే.

మర్నాడు ప్రెస్‌మీట్. దానికి ముందు ఓనర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వదిన విలేఖరిలా నిలదీసింది. "మీ ఇంట్లో ఈ కుక్కరే వాడతారా? లాభం మిగుల్తుందని చవక వాల్వులు కొన్నారా?"

ఆయన ముఖం కందిపోయింది. "ఇవేం ప్రశ్నలు?"

"ఇంతకన్నా పుల్లవిరుపు ప్రశ్నలొస్తాయి సార్. కోపమంతా ఇక్కడ నా మీద ఖర్చుపెట్టేయండి. అక్కడికి ఖాళీచేతుల్తో వెళ్దురుగాని."

ప్రెస్‌మీట్‌లో నిజంగానే వదిన వేసిన ఆ మొదటి ప్రశ్నే అడిగారు. "వాడతాం. నిన్న సాయంత్రం మా ఆవిడ దాన్ని తీసి వరండాలో పెట్టేసింది" అన్నాడాయన. ఒకరిద్దరు నవ్వారు. గదిలో బిగువు కాస్త సడలింది. వదిన చివరి వరసకీ వెనక, గోడకానుకుని నించుంది. అక్కడ ఎవరికీ కనబడదు.

ఆ తర్వాత ఆవిడ, కుక్కర్లు కొన్నవాళ్ళ ఫోన్లెత్తే అమ్మాయిల మధ్యే కుర్చీ వేసుకుంది. "ముందు వాళ్ళని తిట్టనివ్వండి, అడ్డురాకండి. తిట్టడం అయ్యాక అడ్రసు అడగండి" అని నేర్పింది.

పేపర్లు మమ్మల్ని ఉతికి ఆరేశాయి. ఆ పేపర్లవాళ్ళకి ఫోన్ చేసి గట్టిగా అడగమన్నాడు ఓనరు.

"రాసినదాంట్లో అబద్ధం ఏమైనా ఉందా సార్?"

"లేదు."

"మరి ఏమని అడగను?"

అమ్మకాలు పడిపోయాయి. ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు ఆపేశారు. క్యాంటీన్లో కొందరు నాతో మాట్లాడ్డం మానేశారు, మీ వదినే కొంప ముంచిందని. కానీ కుక్కర్లు గుట్టలుగుట్టలుగా వెనక్కొచ్చాయి. వాటిని మా గదిలో పరీక్షిస్తుంటే, పేలడానికి సిద్ధంగా ఉన్నవి ఒక్కోటీ బయటపడుతూ వచ్చాయి. ఇంకెవరి చెయ్యీ కాల్లేదు. ఏడాది తిరిగేసరికి ఆపిన షిఫ్టు మళ్ళీ మొదలైంది.

అమ్మ ఒకరోజు వదిన్ని నిలేసింది. "ఇంత చేశావు, పేపర్లో నీ పేరెక్కడా లేదేమిటే?"

"ఉండకూడదు అత్తయ్యా."

"మరి నీకొచ్చిందేమిటి?"

"రేపు నేనేదైనా చెబితే ఆ విలేఖరి నమ్ముతాడు."

ఆ పూట అమ్మ వదిన కంచంలో ఇంకో గరిటె ఎక్కువే వడ్డించింది.

టీచరమ్మ మళ్ళీ బడికి వెళ్తోందని తెలిసి వదిన చూడ్డానికి వెళ్ళింది, నన్నూ రమ్మంది. టీచరమ్మ కాలిన ఆ చేత్తోనే బోర్డు తుడుస్తోంది. మచ్చ ఉంది గానీ వేళ్ళు బాగానే వంగుతున్నాయి.

"మీరు చెప్పబట్టి మా కింది వాటావాళ్ళు బతికిపోయారు. కానీ మీ కుక్కరు మాత్రం ఈ జన్మలో కొనను" అంది.

"మీ స్థానంలో ఉంటే నేనైనా కొననండి" అంది వదిన. "సుద్దముక్క పట్టుకుంటే నొప్పి పుడుతోందా?"

బెల్లు కొట్టేదాకా ఇద్దరూ ఆ చేతి గురించే మాట్లాడుకున్నారు.