కొండ ఆస్పత్రి

ఫోనులో మా అమ్మాయి దోనహీ అన్నది "కొండ ఆస్పత్రి" అని. మా అమ్మ పెర్ఫెక్తా విన్నది "గుండె ఆస్పత్రి" అని. వినడమే తడవు, చీపురు అక్కడే పడేసి వీధిలోకి పరుగెత్తింది. సాయంత్రానికి దర్జీ ఫిదెన్సియో ఎడమ రొమ్ము పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"అబుందియో! మీ పిల్ల రాజధానిలో గుండె ఆస్పత్రికి వెళ్తోందటగా? నా పేరు ముందు రాయించు. మెట్లెక్కితే దడ."

"నీ దడ మెట్లెక్కితే కాదు, మీ ఆవిడ గొంతెత్తితే!"

మా వహాకా ఊరి సంతలో వేయించిన మిడతలు అమ్ముతాను నేను. నా గొంతు పెద్దది, గొంతెమ్మ కోరికలు అంతకంటే పెద్దవి. మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వైద్య కళాశాలకు బయల్దేరాను.

చదువైన ప్రతి డాక్టరూ మొదటి ఏడాది సర్కారు పంపినచోట పనిచేయాలి. ఎవరెక్కడికన్నది ఆ హాల్లోనే, అందరి ముందూ తేలుతుంది. మార్కుల వరసన పిలుస్తారు. పిలుపు అందుకున్నవాళ్లు మైకులో ఊరి పేరు చెబుతారు. బోర్డు మీద ఆ పేరు కొట్టేస్తారు. ముందున్నవాళ్లకు కోరుకున్నది, వెనకున్నవాళ్లకు మిగిలింది. ఇక చివరి కుర్చీల్లో కన్నవాళ్లం. ఎంపిక పిల్లలది, ఓపిక మాది.

మొట్టమొదట పిలిచింది మా దోనహీనే! సంబరంలో నా భుజం అనుకుని పక్కావిడ భుజం తట్టేశాను.

బోర్డులో అన్నిటికంటే పైన గుండె ఆస్పత్రి. ఒకే ఒక్క ఖాళీ. రెండో ర్యాంకు కుర్రాడు దాన్ని కళ్లతోనే మింగేస్తున్నాడు.

దోనహీ మైకు ముందుకు వచ్చింది. "సాన్ మెల్చోర్ కొండ ఆస్పత్రి."

నా ఆశాదీపం అక్కడికక్కడే కొండెక్కింది.

అధికారిణి కళ్లజోడు తీసింది. "బోర్డులో అట్టడుగున ఉందమ్మా అది. మళ్లీ అడుగుతాను, ఆలోచించుకో. రెండోసారి చెప్పింది ఇక మారదు."

నేను లేచాను. నా సంత గొంతుకు మైకెందుకు? "కొండ కాదే తల్లీ! గుండె! గుండె అను!"

"ఎవరండీ ఆయన? కూర్చోండి!"

"మా నాన్న మేడమ్. కూర్చుని మాట్లాడటం ఆయనకు చేతకాదు," అంది దోనహీ. హాలంతా నవ్వింది. తను మాత్రం నవ్వలేదు. నావైపు తిరిగింది.

"నాన్నా, చదువుకునేటప్పుడు కొన్నాళ్లు అక్కడ పనిచేశాను కదా. మంత్రసాని ఎయుఫ్రోసినా ఏమందో తెలుసా? 'మాకు వచ్చే డాక్టర్లందరూ ఇంకెక్కడా దొరక్క వచ్చినవాళ్లేనమ్మా. బస్సు దిగుతుంటేనే మొహంలో తెలిసిపోతుంది. నొప్పని చెప్పుకోవడానికి మాకే మొహమాటంగా ఉంటుంది' అంది. ఒక్క ఏడాదైనా వాళ్లను కోరుకుని వచ్చిన డాక్టరు ఉండాలి నాన్నా. గుండె ఆస్పత్రికంటావా, వెళ్లేవాళ్లు నా వెనక వరసకట్టి ఉన్నారు."

ఈసారి ఎవరూ చెప్పకుండానే కూర్చున్నాను.

"రెండోసారి అడుగుతున్నాను, డాక్టర్," అంది అధికారిణి. అంతవరకూ అమ్మా అని పిలిచిన మనిషి!

"సాన్ మెల్చోర్."

బోర్డు మీద గీత ఎప్పుడూ పైనుంచి మొదలవుతుంది. ఆ రోజు అట్టడుగున మొదలైంది. చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో చెప్పనక్కర్లేదు. "ఆ పిల్ల మా పిల్ల!" అని పక్కావిడకు వద్దన్నా చెప్పాను, చెప్పిందే చెప్పాను.

ఇంటికి వచ్చేసరికి వీధంతా పండగ. మొక్కజొన్న పిండి తమాలెలు ఉడికే కుండ పొగలు కక్కుతోంది, ఎవరో బాకా కూడా తెచ్చారు. కుర్చీ ఎక్కాను.

"అయ్యలారా, అమ్మలారా! మా అమ్మ విన్నది గుండె, పిల్ల అన్నది కొండ. సాన్ మెల్చోర్ వెళ్తోంది."

బాకా ఆగిపోయింది. "అయ్యో పాపం, అదొక్కటే మిగిలిందా?" అన్నాడు ఫిదెన్సియో.

మిగల్లేదని, అందరికంటే ముందు పిలిచారని, మంత్రసాని మాటతో సహా పూసగుచ్చినట్టు చెప్పాను. మా అమ్మ కళ్లార్పకుండా వింది. మనవరాలి వంక చూసింది.

"నిజమేనటే?"

"నిజమే నానమ్మా."

"ఒరే అబుందియో, దిగరా కుర్చీ! నువ్వు చెబితే మూలింటివాళ్లకు వినబడి చావలేదు."

నా భుజం పట్టుకుని తనే ఎక్కింది. "ఇదిగో, అందరూ వినండి! నేను తప్పు విన్నాను, మీకు తప్పు చెప్పాను. ఇప్పుడు సరిగ్గా చెబుతున్నాను. మొట్టమొదట పిలిచింది నా మనవరాలిని. బోర్డు బోర్డంతా దాని ముందుంది. అయినా అది కొండే కావాలంది!"