లోపలి గదికి వెళ్లిన పాస్‌పోర్టు

పర్మిట్ల కార్యాలయంలో గుమాస్తా మీ పాస్‌పోర్టును లోపలి గదికి తీసుకెళ్లిందంటే ఇక మీకు పర్మిట్ రాదు. ఆ పరాయి దేశంలో మనవాళ్లు అద్దెకుండే నాలుగంతస్తుల భవనంలో ఈ మాటను శంకించినవారు లేరు. రుజువుగా పై అంతస్తు డ్రైవరును చూపేవారు. అతని పాస్‌పోర్టు లోపలికి వెళ్లింది, నెల తిరక్కుండా అతను ఇంటికి విమానమెక్కాడు. పర్మిట్ దొరికినవారి పాస్‌పోర్టులు ఎటు వెళ్లాయో మాత్రం ఎవరూ అడగలేదు. పని అయినవాడు గుమాస్తా ఎటు నడిచిందో గుర్తుపెట్టుకోడు.

రెండో అంతస్తులో అక్కతో కలిసి ఉండే నర్సు పర్మిట్ గడువు ఆ రోజుతో తీరిపోతుంది. కొత్తది లేకుంటే మర్నాడు ఆసుపత్రిలో డ్యూటీకి రానివ్వరు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఏడింటికే టోకెన్ తీసుకుని, అద్దె ఒప్పందం, జీతం కాగితాలు, రెండు ఫొటోలు ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు.

"పాస్‌పోర్టు మాత్రం ఇవ్వకే," అక్క గొణిగింది. "జిరాక్స్ ఇచ్చి, అసలుది ఇంట్లో ఉందని చెప్పు."

"అబద్ధం ఆడమంటావా?"

"అబద్ధం కాదు తల్లీ, జాగ్రత్త."

పదకొండున్నరకు కిటికీ దగ్గరికి పిలుపు వచ్చింది. గుమాస్తా జిరాక్స్ కాగితాన్ని తిరగేసి చూసింది.

"అసలుది ఏది?"

"ఇంట్లో ఉందండి."

గుమాస్తా ఫైలును వెనక్కి నెట్టింది. "తీసుకురండి. పన్నెండుకు మూసేస్తాం. రేపైతే గడువు దాటినట్టే."

ఇల్లు బస్సులో గంట దూరం. పాస్‌పోర్టు ఉన్నది అక్క చంకలోని సంచిలో.

"అక్కా, సంచి ఇటివ్వు."

"మతి ఉందా నీకు? డ్రైవరు సంగతి మర్చిపోయావా?"

"ఇస్తే వస్తుందో రాదో తెలీదు. ఇవ్వకపోతే రాదని మాత్రం ఆవిడే చెప్పింది కదా."

అక్క వేళ్లు ఒక్కొక్కటే సడలాయి. గుమాస్తా పాస్‌పోర్టు అందుకుని, ఇద్దరినీ ఒకసారి ఎగాదిగా చూసి, లోపలి గదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది.

అక్క సంచి మూసేసింది. "అయిపోయింది. అటక మీది పెట్టె దింపుకోవాలిక."

"నువ్వే ఎక్కి దింపు. స్టూలెక్కితే నాకు కళ్లు తిరుగుతాయి."

మాటైతే తేలిగ్గానే అంది గానీ, నర్సు అలవాటు కొద్దీ గోడ గడియారం చూస్తూ తన మణికట్టు దగ్గర నాడి పట్టుకుంది. నిమిషానికి నూట పద్దెనిమిది. మళ్లీ లెక్కపెట్టింది. నూట ఇరవై రెండు. పన్నెండుకు ఏడు నిమిషాలు ఉండగా పక్క కిటికీల్లో తెరలు దించడం మొదలుపెట్టారు.

తలుపు తెరుచుకుంది. గుమాస్తా పాస్‌పోర్టుతోపాటు, ముద్ర వేసిన కొత్త పర్మిట్ కాగితాన్ని కిటికీలోంచి ఇవతలికి జరిపింది.

నర్సు ఆగలేక అడిగేసింది. "లోపల ఏం చూస్తారండీ?"

గుమాస్తాకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. ఆ కార్యాలయం మొత్తానికి పనిచేసే స్కానర్ ఒక్కటే ఉంది, అది లోపలి గదిలో ఉంది. పర్మిట్ వచ్చేవారిదైనా, రానివారిదైనా, ప్రతి పాస్‌పోర్టూ ఆ గదిలోకి వెళ్లి రావలసిందే.