తలుపు లేని ఇల్లు

మ్యూజియంలో అందరూ ఆవిడని బొమ్మరిళ్ళక్క అంటారు. చెక్క, అట్ట, జిగురు పెట్టి, కూలిపోయిన పాత వీధుల్ని బల్ల మీద అరచేతి ఎత్తున మళ్ళీ నిలబెట్టడం ఆవిడ పని. ఈసారి చేతికొచ్చిన వీధిది ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. అందుకని అక్కడ పెరిగినవాళ్ళని పిలిచి, కూర్చోబెట్టి, వాళ్ళు చెబుతుంటే కట్టుకొస్తోంది.

మొదటి సాక్షి ఇంట్లోనే ఉంది. తనని పెంచిన మేనత్త. అత్త నోరు విప్పితే చాలు, వీధి వీధంతా దిగొచ్చేది: ఎవరింటి మెట్టు విరిగింది, ఎవరి గుర్రుకి ఎవరికి నిద్ర పట్టేది కాదు, అన్నీ.

"మాది చివర్నించి రెండోది. దాన్ని ఆనుకుని గడియారాల తాతది," అంది అత్త. మిగతావాళ్ళదీ అదే మాట. బొమ్మరిళ్ళక్క రెండిళ్ళూ గోడకి గోడ ఆనించి అతికించేసింది.

మర్నాడు వచ్చి చూస్తే మధ్యలో వేలు దూరేంత సందు.

జిగురు ఆరలేదేమో అనుకుంది. మళ్ళీ అతికించి, కదలకుండా ఇనపముక్క ఆనించి పెట్టింది. పొద్దున్నే వచ్చేసరికి ఇనపముక్క నేలమీదుంది. సందు సరిగ్గా ఒక ఇల్లు పట్టేంత అయింది. గది తాళం ఆవిడ దగ్గరే ఉంది.

ఇల్లు పట్టేంత చోటుంటే ఇల్లే ఉండి ఉండాలి కదా! అందర్నీ మళ్ళీ అడిగింది. చిత్రమేమిటంటే, ఆ చోటు దగ్గరికొచ్చేసరికి ఎవరి మాటైనా కాలు జారినట్టు తడబడేది. "ఆ పక్కన..." అని ఆగి, కళ్ళు చిట్లించి, "ఆఁ, తాతది," అనేవాళ్ళు. అత్తయితే స్టవ్ మీద పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. స్టవ్ మీద పాలు లేవు.

చివరికి తనే ఒక ఉత్త ఇల్లు చేసి ఆ సందులో పెట్టింది. తలుపు ఎక్కడుండేదో చెప్పిన నాథుడు లేడు కాబట్టి తలుపు పెట్టలేదు. ఆ రోజు నుంచి ఏదీ కదల్లేదు. కానీ ఆ చెక్క మీద చెయ్యి వేస్తే జ్వరమొచ్చిన ఒంటిలా వెచ్చగా తగిలేది.

ఒక మధ్యాహ్నం, పిలవకుండానే, ఒక ముసలావిడ వచ్చింది. చూపు సరిగా ఆనదు. బొమ్మవీధి ఇళ్ళ కప్పుల మీద వేళ్ళతో తడుముకుంటూ వచ్చి ఆ ఇంటి దగ్గర ఆగింది.

"తలుపు లేదే?"

"ఎవరూ చెప్పలేదమ్మా."

"బాగానే చేశావు తల్లీ. చివర్లో మాకు తలుపు లేదు."

బొమ్మరిళ్ళక్క గబగబా కుర్చీ వేసింది. ముసలావిడ ఎవరో పరాయివాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెప్పుకొచ్చింది. వాళ్ళమ్మ బట్టలు కుట్టేది. ఊరంతా జ్వరాలు పాకిన ఏడు, ఆ వీధిలో ముందుగా తగిలింది వాళ్ళకే. ఒక సాయంత్రం వీధివాళ్ళంతా వచ్చి తలుపుకి అడ్డంగా పలకలు పెట్టి మేకులు కొట్టేశారు. వెనకవైపు కిటికీలో పట్టింది తనొక్కతే. నాన్న ఎత్తి బయటికి జార్చి, పెద్దమ్మ ఇంటికి పరిగెత్తమన్నాడు. అమ్మ, నాన్న, జ్వరంతో మంచం పట్టిన తమ్ముడు లోపలే ఉండిపోయారు.

"వాళ్ళేం రాక్షసులు కారమ్మా. తమ్ముడికి పురుడు పోసింది ఎడంపక్కింటావిడే. మేకులు కొడుతుంటే దీపం పట్టుకుని నిలబడిందీ ఆవిడే. తలుపు సందులోంచి చూశాను."

ఎడంపక్కిల్లు అత్తవాళ్ళది. దీపం పట్టుకున్నావిడ అత్తకి తల్లి, బొమ్మరిళ్ళక్కకి నాయనమ్మ. తనకి రోజూ జడలల్లిన చేతులవి.

ఇంటికెళ్ళి అత్తకి చెప్పింది. అత్త గోడవంక తిరిగింది.

"మేకులు కొట్టాక కూడా గోడవతల కుట్టుమిషన్ చప్పుడు వినపడేదే అమ్మడూ. అమ్మనడిగితే వాన అనేది. మబ్బు లేకపోయినా వానే అనేది. అది ఆగిపోయిన రోజున అమ్మ ముద్ద ముట్టలేదు."

మ్యూజియం ఆఫీసరు ఒప్పుకోలేదు. "ఆ ఏడు ఆ వీధిలోకి జ్వరాలు రాలేదనే ఉంది పుస్తకాల్లో. ఆ ఇల్లు పీకెయ్యి."

"నా చేత్తో పీకను సార్. మీరే పీకండి."

ఆయన విసురుగా చెయ్యి వేసి, చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కున్నాడు. అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. బొమ్మరిళ్ళక్క ఆ ఇంటికి తలుపు పెట్టి, దాని మీద అగ్గిపుల్లలంత పలకలు అడ్డంగా దిగ్గొట్టింది.

ప్రదర్శన మొదలైన రోజు పాత వీధివాళ్ళంతా వచ్చారు. అత్త ఆ ముసలావిడని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టింది. "ఇక్కడ మిషనువాళ్ళుండేవాళ్ళు. ఈ అక్కా వాళ్ళు," అంది అందరికీ వినపడేలా.

కాసేపటికి వెనకనుంచి ఒక గొంతు, "మా చెల్లి గౌను ఆవిడే కుట్టింది," అంది. "వాళ్ళాయన ఈల భలే వేసేవాడు," అన్నారింకొకరు. ఒక్కసారిగా అందరికీ గుర్తొచ్చేసింది. ఒకరి మాట మీద ఒకరు పడిపోతున్నారు. తలుపు మీది పలకలవంక మాత్రం ఒక్కరూ చూడటం లేదు.

"మీ అమ్మది ఎడమచేతి వాటం. కత్తెర పట్టుకుంటే చూడ్డానికి తమాషాగా ఉండేది," అన్నాడొక ముసలాయన.

"అవునా? నాకు తెలీదే!" అంది ముసలావిడ. కుర్చీ ఆయన వైపుకి జరుపుకుంది. "ఇంకా చెప్పండి."