దీపాల కోసం మోగిన సైరన్

ఆగస్టు పదహారు ఉదయం ఆరు గంటలకు దీపాల కమిటీ పెద్ద కురబె, నొబూయె నడిపే సోయా తోఫు కొట్టుకు వచ్చాడు. చేతిలో ఆ సాయంత్రం కార్యక్రమం అచ్చు వేసిన కాగితం ఉంది.

"వదినా, మొదటి దీపం నువ్వే వదలాలి. ఆనకట్ట ఆఫీసరు నీ పక్కన నిలబడతాడు. పేపరు వాళ్ళు ఫోటో తీస్తారు."

నొబూయె తోఫు కోయడం ఆపలేదు.

"ఏ ఆఫీసరు?"

"కొత్తాయన, సుగయ గారు. పాతాయన్ని బదిలీ చేశారుగా."

"మా ఆయన్నీ బదిలీ చేశారు."

కురబె తల దించుకున్నాడు. నొబూయె భర్త తెత్సుజో, తనూ ఒకే బడిలో చదువుకున్నారు.

కిందటి సెప్టెంబరు తుపాను రాత్రి, హినోసె ఊరికి పదకొండు కిలోమీటర్ల ఎగువన ఉన్న ఆనకట్ట గేట్లు ఒంటిగంటా యాభైకి ఎత్తారు. రెండున్నరకు ఊరి దిగువ వీధిలో నీళ్ళు చూరు తాకాయి. ఏడుగురు చనిపోయారు. నానబెట్టిన సోయా గింజలు పైకి చేరవేయడానికి కొట్టులోకి దిగిన తెత్సుజో వాళ్ళలో ఒకడు. సైరన్ మోగలేదని దిగువ వీధి అంతా చెప్పింది. ఒంటిగంటా ఇరవైకి ఒక నిమిషం పాటు మోగిందని, వాన చప్పుడుకు వినపడి ఉండకపోవచ్చని ఆనకట్ట ఆఫీసు నివేదిక పంతొమ్మిదో పేజీలో రాసింది. సైరన్ స్తంభం నుంచి నొబూయె ఇంటికి నూట నలభై మీటర్లు. ఆమె టేపు పెట్టి రెండుసార్లు కొలిచింది.

ఆ ఏడుగురికీ ఇది మొదటి ఒబోన్, పోయినవాళ్ళు ఇంటికి వచ్చి వెళ్ళే పండగ. పదమూడున ఇంటికి వచ్చిన పెద్దల్ని పదహారు సాయంత్రం దీపం వెంట నది మీదుగా సాగనంపాలి. ఆగస్టులో నదిలో నీళ్ళుండవు. రెండేళ్ళుగా దీపాలు రాళ్ళ మధ్య ఇరుక్కుంటున్నాయి. అందుకని ఈసారి కాసిని నీళ్ళు వదలమని కమిటీ ఆనకట్టకు ఉత్తరం రాసింది.

నొబూయె చెయ్యి తుడుచుకుని కాగితం అందుకుంది. ఆరున్నరకు సైరన్. ఆరు నలభై ఐదుకు నీళ్ళు, పదిహేను సెంటీమీటర్లు. ఏడుకు దీపాలు.

"కాగితం దీపాలకి సైరనా?"

"రూలు వదినా. నీళ్ళు వదిలితే సైరన్ వెయ్యాల్సిందే."

"ఏంటీ? మళ్ళీ చెప్పు."

కురబె కాగితం వైపు చూశాడు. "నాకు తట్టలేదు," అన్నాడు.

"నువ్వే రాసి, నువ్వే అచ్చేయించి, ఊరంతా పంచావు. తట్టలేదు."

"అది కాదు వదినా..."

"తోఫు కావాలా? లేకపోతే వెళ్ళు, పనుంది."

అతను రెండు తీసుకుని వెళ్ళాడు.

సాయంత్రం ఆరుంబావుకు ఏడు కుటుంబాలూ రేవు మెట్ల మీద కింది వరసలో నిలబడ్డాయి. వెనక రెండు వందల మంది. ఒక్కో దీపానికి చెక్క పలక మీద నాలుగు వైపులా కాగితం, లోపల కొవ్వొత్తి, ఒక వైపు చనిపోయిన మనిషి పేరు. అందరూ వెలిగించుకున్నారు. సుగయ నల్ల సూటు వేసుకుని వచ్చాడు. అతని దీపం మీద పేరు లేదు.

కూతుర్ని పోగొట్టుకున్న ఒకిను అవ్వ అతని కాళ్ళకేసి చూసింది. ఆమెకు ఎనభై ఎనిమిదేళ్ళు. చెవిలో మిషను ఉంది.

"బూట్లేసుకొచ్చావేంటి అబ్బాయ్? తడుస్తాయి."

"పర్లేదు మామ్మగారూ."

"అవున్లే. తడిసేది బూట్లేగా."

ఆరున్నరకు సైరన్ మోగింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఊళ్ళో కుక్కలు అందుకున్నాయి. ఒకిను అవ్వ చెవిలోంచి మిషను తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇది తీసేసినా వినపడుతోందే," అంది.

నిమిషం తరవాత సైరన్ ఆగింది. సుగయ గొంతు సవరించుకుని, "ఇవాళ వాన లేదు కదండీ," అన్నాడు.

నొబూయె వెనక్కి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి వదినా?" కురబె కంగారుగా అడిగాడు.

"గట్టు మీదకి. సైరన్ మోగితే నది వదిలి గట్టెక్కమని వాళ్ళే బోర్డు పెట్టారు. చదవలేదా?"

ఒకిను అవ్వ పక్కనున్న వాళ్ళ భుజం పట్టుకుని కదిలింది. మిగతా ఐదు కుటుంబాలూ కదిలాయి. తరవాత వెనకున్న రెండు వందల మందీ. రేవులో సుగయ ఒక్కడు మిగిలాడు. ఆరు నలభై ఐదుకు నీళ్ళు వచ్చి అతని బూట్లు ముంచాయి. అతను రెండు మెట్లు పైకి జరిగాడు.

"దయచేసి దిగండి! గేట్లు నలభై నిమిషాలే తెరిచి ఉంచగలం!"

"చూశారా?" నొబూయె గట్టు మీద నుంచి అరిచింది. "వినపడితే ఇలా ఎక్కుతాం. ఈ ముసలామెతో సహా నాలుగు నిమిషాలు పట్టింది. ఆ రాత్రి మాకు డెబ్బై నిమిషాలు ఉన్నాయని రాశారు. డెబ్బై నిమిషాలు మేం ఏం చేశాం? కూర్చుని టీ తాగామా?"

"అప్పుడు నేను ఇక్కడ లేనమ్మా."

"మీరు లేరు. మీ కాగితం ఉంది. మోగలేదని రాయించండి."

"అది నా చేతుల్లో లేదు."

"అయితే ఆయన్ని పంపను."

గుంపులో గుసగుసలు లేచాయి. కురబె ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగాడు.

"వద్దు వదినా. పోయినవాళ్ళని ఆపకూడదు. ఇవాళ పంపకపోతే వాడు దారి తప్పుతాడు."

"ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆయనకి దారి చెప్పింది నేనే. ఇంకొన్నాళ్ళు చెప్తాను."

ఆమె వంగి దీపం ఊదేసింది. పక్క కుటుంబం వాళ్ళు కాసేపు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని తమదీ ఊదేశారు. ఒకిను అవ్వ రెండుసార్లు ఊదింది. ఆరలేదు. దీపాన్ని కురబె మొహం ముందుకు ఎత్తింది.

"నాకు ఊపిరి చాలట్లేదు. నువ్వు ఊదు."

కురబె కింద ఉన్న సుగయని చూశాడు. తరవాత ఊదాడు.

పదిహేడు ఉదయం నొబూయె అన్నం వండి పూజామందిరంలో భర్త ఫోటో ముందు పెట్టింది. తొమ్మిదికి ఆనకట్ట ఆఫీసుకు ఫోను చేసింది. ఒక అమ్మాయి ఎత్తింది.

"దిగువ వీధి నుంచి తెత్సుజో భార్యని. ఆయన ఇంకా ఇంట్లోనే ఉన్నారు. మీ పెద్దాయనకి చెప్పు."

అవతల కలం గీసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"రాసుకున్నానండీ," అంది ఆ అమ్మాయి. "పొద్దుట్నుంచి ఇదే మాటతో మీది నాలుగో ఫోను."