హోదా గడి

"ఒక బటన్ నొక్కడమేగా, దానికింత హడావుడెందుకు?" అన్నాడు భర్త, షర్టు గుండీలు పెట్టుకుంటూ.

పై గుండీ ఊడి దారానికి వేలాడుతోంది. అది కూడా ఆమె తప్పే అన్నట్టు చూశాడు. ఆమె సూదీ దారం తెచ్చింది. షర్టు విప్పే ఓపిక అతనికి లేదు, కాబట్టి మెడ దగ్గర నిలబడే కుట్టింది. కుడుతూనే, కొట్టు వెబ్‌సైటు నమ్మదగినదేనని చూపించే సర్టిఫికెట్ గడువు శుక్రవారంతో అయిపోతుందని మూడోసారి చెప్పింది. ఈసారి మామూలుది కుదరదని, కంపెనీ వివరాలన్నీ పరిశీలించి ఇచ్చే సర్టిఫికెట్టే ఉండాలని పెద్దాసుపత్రి వాళ్ళు పట్టుబడుతున్నారని, శుక్రవారంలోగా అది రాకపోతే నలభై మంచాల ఆర్డరు వేరేవాళ్ళకి పోతుందని కూడా చెప్పింది.

"సరే, తమ్ముడికి చెప్పు. వాడే కదా అవన్నీ చూసుకునేది."

ఆమె దారం పళ్ళతో తెంపింది.

తమ్ముడంటే ఆమె మరిది. అతని విజిటింగ్ కార్డు మీద 'టెక్నాలజీ విభాగం అధిపతి' అని నీలం అక్షరాల్లో ఉంటుంది. ఆ కార్డు నమూనా గీసింది ఆమే, అచ్చు తప్పులు దిద్దిందీ ఆమే. ఆ అధిపతిగారు నెలకోసారి తన ఈమెయిల్ పాస్‌వర్డ్ తనే మర్చిపోయి, "వదినా, నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో!" అంటూ వంటింటి గుమ్మంలో నిలబడతాడు. మంచి పిల్లాడే. పిల్లాడేమిటి, ముప్పై మూడేళ్ళొచ్చాయి.

వాళ్ళ కొట్లో చక్రాల కుర్చీలు, వాకర్లు, చేతికర్రలు, తలవైపు పైకి లేచే ఆసుపత్రి మంచాలు అమ్ముతారు. పదకొండేళ్ళ కిందట కొట్టు ఈగలు తోలుకుంటున్న రోజుల్లో, ఎవరూ అడక్కుండానే ఆమె కూర్చుని సైటు కట్టడం నేర్చుకుంది. డాబా మీద తెల్ల దుప్పటి కట్టి ఒక్కో కుర్చీకి ఫొటో తీసింది. ఇప్పుడు అమ్మకాల్లో సగానికి పైగా అందులోంచే వస్తున్నాయి. రోజూ మనుషులు రాస్తారు. మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, ఏ వాకర్ సరిపోతుంది? నాన్న మంచం మీంచి జారిపోతున్నారు, ఏం చెయ్యమంటారు? ఆమె ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబిస్తుంది. ముందు అమ్మగారిని చేతులు కిందికి వదిలేసి నిలబడమనండి, నేల నుంచి మణికట్టు దాకా కొలిచి చెప్పండి, వాకర్ పిడి సరిగ్గా అంత ఎత్తులో ఉండాలి, ఎక్కువైతే భుజాలు నొప్పెడతాయి అని రాస్తుంది. కింద కంపెనీ పేరు పెడుతుంది. తన పేరు ఎప్పుడూ పెట్టలేదు. పెట్టమని ఎవరూ అనలేదు, పెట్టొద్దనీ అనలేదు.

ఇదంతా జరిగేది భోజనాల బల్లకి ఓ మూల. కంచాలు పెట్టే వేళకి లాప్‌టాప్ సర్దెయ్యాలి, కంచాలు తీశాక మళ్ళీ తెరవాలి. "అమ్మాయ్, ఆ ఆట కాసేపు కట్టిపెట్టి టీ పెట్టు తల్లీ," అంటారు మామగారు. ముద్దుగానే అంటారు. మొదట్లో ఆ 'ఆట' అన్న మాట ఎక్కడో గుచ్చుకునేది. ఎన్నాళ్ళుగా గుచ్చుకోవడం లేదో గుర్తులేదు. పళ్ళ డాక్టరు మత్తు సూది వేశాక చెంప మీద చెయ్యి వేసుకుంటే ఎవరి చెంపో అన్నట్టు ఉంటుందే, అలాగే ఉంది ఆమెకి కొన్నేళ్ళుగా.

గిన్నెలు కడిగి వచ్చి ఆ మూలన కూర్చుని సైటుని నడిపే హోస్టింగ్ కంపెనీ పేజీ తెరిచింది. అందులోనే సర్టిఫికెట్‌కి ఆర్డరు పెట్టాలి. కంపెనీ పేరు, చిరునామా, కొట్టు ఫోన్ నంబరు నింపింది. సంప్రదించవలసిన వ్యక్తి అన్నచోట ఎప్పుడూ భర్త పేరు రాసేది. ఈసారి అలా కాదట. సైటు గురించి ఏమడిగినా చెప్పగలిగిన మనిషి పేరే ఉండాలని ఎర్రక్షరాల్లో రాసి ఉంది. కాబట్టి తన పేరు రాసింది, ఇంటిపేరుతో సహా. చాన్నాళ్ళకి రాసిందేమో, ఒక అక్షరం తప్పు పడి దిద్దుకోవాల్సి వచ్చింది. దాని కింద గడి హోదా.

చాలాసేపు ఆ గడిని చూస్తూ కూర్చుంది. అది ఖాళీగా వదిలేస్తే పేజీ ముందుకు కదలడం లేదు. ఆఖరికి సహాయం నంబరుకి ఫోన్ చేసింది. అవతల ఒకమ్మాయి ఎత్తింది, చురుకైన గొంతు.

"హోదా అన్నచోట ఏం రాయమంటారండీ?"

"మీరక్కడ ఏం చేస్తారు మేడమ్?"

ఆమె చెప్పింది. సైటు, ఫొటోలు, ధరలు మార్చడం, ఆర్డర్లు చూడడం, ఉత్తరాలకి జవాబులు, తిరిగొచ్చిన సామాన్ల గొడవలు. ఎవరో చుట్టాల సంగతి చెబుతున్నట్టు చెప్పుకుంటూ పోయింది.

"అమ్మో! మీరొక్కరేనా?" అంది ఆ అమ్మాయి. "మేనేజర్ అని రాసెయ్యండి మేడమ్. అంతకంటే ఎక్కువే గానీ, ఆ గడిలో అంతకంటే పట్టదు."

ఆమె మేనేజర్ అని రాసింది. సంతోషం లాంటిదేదో కలుగుతుందని ఓ నిమిషం ఆగి చూసింది. ఏమీ కలగలేదు. ఇంకేం మిగిలిందని అడిగింది.

"కాగితాలు పంపండి చాలు. రేపో ఎల్లుండో సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు మీ కొట్టు నంబరుకి ఫోన్ చేస్తారు. మీరక్కడ పని చేస్తున్నారా అని అడుగుతారు. ఎవరో ఒకరు అవునంటే అయిపోయినట్టే."

"అంతేనా," అంది ఆమె. ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త చెవిన వేసింది. "కొట్టుకి ఫోనొస్తుంది, నా గురించి అడుగుతారు. అవునని చెప్పండి. మామయ్యగారికి కూడా చెప్పండి." ఫోన్లో తల పెట్టినవాడు పెట్టినట్టే "ఊఁ" అన్నాడు.

మర్నాడు మంగళవారం. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మామగారు మంచి హుషారుగా ఉన్నారు.

"ఇవాళొక మాయగాడు తగిలాడర్రా! నా దగ్గరా వాడి వేషాలు?" అన్నారు కంచం ముందు కూర్చుంటూనే. "ఫోన్ చేసి, ఫలానా ఆవిడ మీ దగ్గర మేనేజరుగా పని చేస్తున్నారా అంటాడు. ఆ పేరు వింటే నాకు ముందు తట్టలేదు. ఎవరబ్బా ఈవిడ అనుకున్నా. తర్వాత వెలిగింది, అరె, మన అమ్మాయే కదా! నేనూరుకుంటానా? బాబూ, ఆవిడ మా కోడలు, పనీ గినీ ఏం చెయ్యదు, మహారాణిలా ఇంట్లో ఉంటుంది, మా ఇంటి ఆడవాళ్ళకి ఉద్యోగం చేసే గతి పట్టలేదు అని కడిగేశా. కిక్కురుమనకుండా పెట్టేశాడు."

"బాగా బుద్ధి చెప్పావు నాన్నా," అని మరిది పగలబడి నవ్వాడు.

భర్త ముద్ద నమలడం ఆపాడు. ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. అతనికి గుర్తొచ్చిందని ఆమెకి తెలిసింది. ఆమెకి తెలిసిందని అతనికీ తెలిసింది.

"ఉప్పు ఇలా అందించు," అన్నాడు.

ఆమె ఉప్పు అందించింది.

ఏ మాటకామాట చెప్పుకోవాలి, మామగారు చెడ్డవారు కారు. ఆమెకి జ్వరమొస్తే మందుల కొట్టుకి ఆయనే పరిగెడతారు. మహారాణి అన్న మాట కూడా మనసారా, గర్వంగానే అన్నారు. అదే వచ్చిన చిక్కు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! కోపం తెచ్చుకోవడానికైనా ఒక దారి దొరికేది. ఇంత ప్రేమగా పదకొండేళ్ళని తుడిచిపారేస్తే మనిషి ఎవరి మీద కోప్పడాలి?

బల్ల తుడిచి లాప్‌టాప్ తెరిచేసరికి ఈమెయిల్ వచ్చి ఉంది. మీ దరఖాస్తును నిలిపివేశాము, మీరు పేర్కొన్న వ్యక్తి తమ వద్ద పని చేయడం లేదని మీ సంస్థ ధ్రువీకరించింది. ఆమె రెండుసార్లు చదివింది. ఇన్నేళ్ళలో ఆ సంస్థ ఆమె గురించి ధ్రువీకరించిన సంగతి ఇదొక్కటే. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. స్టవ్ మీద పాలు పొంగుతున్న వాసనొస్తే లేచి వెళ్ళి ఆపి వచ్చింది.

మళ్ళీ ఫోన్ చేస్తే ఆ అమ్మాయే ఎత్తింది. విషయం చెప్పింది.

"ఒక దారుంది మేడమ్. కంపెనీ కాగితం మీద, మీరు ఇన్నేళ్ళుగా తమ దగ్గర పని చేస్తున్నారని రెండు ముక్కలు రాసి, యజమాని చేత సంతకం పెట్టించి పంపండి. వెంటనే అయిపోతుంది. సంతకం పెడతారు కదా?"

"పెట్టకేం," అంది ఆమె.

ఉత్తరం తనే రాసింది. మొత్తం మూడు వరుసలు. పదకొండు సంవత్సరాలుగా అన్న మాట దగ్గర ఆగి, వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకుని, సరేననుకుంది. సాయంత్రం టీ కప్పుల పక్కన ఆ కాగితాన్నీ పెన్నునీ పెట్టింది.

మామగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. "ఇదేంటమ్మా, మనింటి కోడలికి మనమే ఉద్యోగం ఇచ్చామని సంతకమా? నలుగురికీ తెలిస్తే ముఖాన ఉమ్మరూ?"

"ఎవరికీ తెలియదు మామయ్యగారూ. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళకి తప్ప."

"అయినా సరే తల్లీ. కొట్టు నీదేగా, నీ కొట్లో నువ్వు పని చేసేదేంటి?"

ఆ కొట్టు కాగితాల్లో ముగ్గురి పేర్లున్నాయి. ఆ కాగితాల్ని స్కాన్ చేసి పంపింది ఆమే కాబట్టి, ఏయే పేర్లో ఆమెకి బాగా తెలుసు. తన పేరు లేదని మాత్రం అనలేదు. భర్త వైపు చూసింది.

"నిజంగానే పని చేస్తున్నాను కదండీ," అంది.

"అబ్బ, చేస్తున్నావు, ఎవరు కాదన్నారు? ప్రతిదానికీ కాగితాలెందుకు? ఇవాళ ఇది రాస్తే రేపు ఇంకోటంటావు. నా పేరు పెట్టెయ్, గొడవ వదిలిపోతుంది. ఫోనొస్తే నేను మాట్లాడతా. గురువారం నువ్వు కూడా కొట్టుకొచ్చి పక్కన కూర్చో, వాళ్ళేమైనా అడిగితే అందించు."

ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి కప్పుల ట్రేలో పెట్టి లోపలికి తీసుకెళ్ళింది. దరఖాస్తులో తన పేరు తీసేసి భర్త పేరు పెట్టింది. హోదా గడిలో యజమాని అని రాసింది. ఈసారి ఆలోచించాల్సిన పనే లేదు, పేజీ ఠక్కున ముందుకు కదిలింది. తర్వాత ఎందుకో సొరుగులోంచి ఒక కొత్త నోట్‌బుక్ తీసి, సైటుకి సంబంధించిన పాస్‌వర్డులన్నీ గుండ్రటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. ఏది ఎక్కడ తెరవాలో, ఏది ఎప్పుడు గడువు తీరుతుందో, విరిగిన చక్రం తిరిగొస్తే ఎవరికి రాయాలో, మణికట్టు కొలత ఎలా అడగాలో అన్నీ రాసింది. బుధవారమంతా పనుల మధ్య రాస్తూనే ఉంది. ఎవరూ అదేమిటని అడగలేదు. వంట లెక్కలనుకుని ఉంటారు.

గురువారం భోజనం క్యారియర్ పట్టుకుని కొట్టుకి వెళ్ళింది. కుర్చీలన్నీ కొనడానికి వచ్చినవాళ్ళకి సరిపోయాయి. ప్లాస్టిక్ కవరు కూడా తియ్యని ఒక కొత్త చక్రాల కుర్చీలో కూర్చోమన్నాడు భర్త. కదిలితే కవరు చప్పుడవుతోంది, అందుకని కదలకుండా కూర్చుంది. పన్నెండింటికి ఫోన్ మోగింది. భర్త గొంతు సవరించుకుని, ఆమెకి కూడా వినపడేలా స్పీకరు పెట్టాడు.

"మీ సైటుకి సర్టిఫికెట్ కోరింది మీరేనాండీ?"

"నేనేనండీ."

"ఆర్డరు మీరే పెట్టారా? ఏ రకం సర్టిఫికెట్ అడిగారు, సైటు పూర్తి పేరు ఏంటో ఒకసారి చెబుతారా?"

"అదే... మంచాలది... ఒక్క నిమిషం." అరచెయ్యి ఫోనుకి అడ్డం పెట్టి, "ఏం చెప్పాలి?" అన్నాడు ఆమెతో. ఆమె చెప్పే లోపలే విసుగొచ్చి ఫోన్ ఆమె చేతిలో పెట్టేశాడు. "ఇదిగోండి, ఈవిడ చెబుతుంది. అన్నీ ఈవిడకే తెలుసు."

అవతలి మనిషి మర్యాదస్తుడు. "చెప్పండి మేడమ్. అయితే ముందుగా ఒక్క మాట, సంస్థలో పని చేసేవాళ్ళ జవాబే మేం రాసుకోవాలి. మీరక్కడ పని చేస్తున్నారా?"

భర్త తల గట్టిగా ఆడిస్తూ, అవునను, అవునను అని పెదాలు కదుపుతున్నాడు. బల్ల వెనక మామగారు సగం లేచి నిలబడ్డారు. "అవునని చెప్పమ్మా!" అన్నారు, చిన్నపిల్లకి పాఠం అందిస్తున్నట్టు. గోడ మీద కేలండరులో శుక్రవారం చుట్టూ ఆమే గీసిన ఎర్ర సున్నా కనిపిస్తోంది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ ఇంటి మగవాళ్ళిద్దరు ఆమె పని చేస్తోందని ఒప్పుకుంటున్నారు. తమ నోటితో కాదు, ఆమె నోటితో.

"లేదండీ," అంది ఆమె. "నేనిక్కడ పని చెయ్యను. మంగళవారం మీకు చెప్పారుగా, అదే నిజం."

ఫోన్ భర్త చేతిలో పెట్టి లేచింది. కవరు పెద్దగా చప్పుడైంది. క్యారియర్ సంచిలోంచి నోట్‌బుక్ తీసి బల్ల మీద మామగారి ముందు పెట్టింది. అట్ట గరుకు ఆమె చేతికి తగిలింది. చాన్నాళ్ళకి ఆ చెయ్యి తనదేనని ఆమెకి తెలుస్తోంది.

"ఎక్కడికి? గడువు రేపే!" అన్నాడు భర్త, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టడం కూడా మర్చిపోయి.

"ఇంటికండీ. అన్నీ అందులో రాశాను, మరిదిగారికివ్వండి," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ. "ఆయనే కదా అవన్నీ చూసుకునేది."