ఏడు దాహాల జెల్

ల్యాబులో గాజు సామాను కడిగే బాబాయ్‌కి చదువుకున్నవాళ్లంటే ఒళ్లు మంట. బీకరు పగిలితే విచారణ జరిపే మహానుభావులు, ఇరవై ఏళ్లుగా నీళ్లలో నానిన అతని వేళ్ల వంక ఒక్కనాడూ చూడలేదు, ఒక్క మేడమ్ తప్ప. ఆమె చేసే జెల్‌లో నూటికి తొంభై పాళ్లు నీళ్లే. ముట్టుకుంటే వణుకుతుంది, లాగితే పుటుక్కుమంటుంది. ఈరోజు అది ఐదు కిలోలు మోయకపోతే గది మూసేస్తానని డైరెక్టర్ తేల్చేశాడు. గదితోపాటు మేడమూ బాబాయీ వీధిలోకే.

తీరా ఆయన వచ్చే వేళకి బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, తిట్టనంటే ఒకటి చెబుతా."

"ముందు చెప్పు బాబాయ్."

"ఫ్రీజర్లో నా మంచినీళ్ల సీసాకి చోటు లేక మూడు రోజులుగా మీ జెల్ ట్రే తీసి బల్లమీద పెడుతున్నా. గుర్తొచ్చినప్పుడు మళ్లీ లోపల పెట్టేస్తున్నా."

"గుర్తొచ్చినప్పుడా! కదపకుండా గడ్డకట్టాలి కదా! కరిగిపోయుంటుంది!"

"కరిగింది. మళ్లీ గట్టిపడింది. మళ్లీ కరిగింది..."

"చాల్లే, పాట పాడకు!"

అంతలో డైరెక్టర్ రానే వచ్చాడు. మేడమ్ చేసేదిలేక జెల్ పట్టీని కొక్కేనికి బిగించి ఐదు కిలోలు వేలాడదీసింది. సాగింది. తెగలేదు. పది కిలోలు. తెగలేదు. నిండు బకెట్ తగిలించారు. ఊహూఁ!

డైరెక్టర్ కోటు విప్పేశాడు. "ఇలా తెండి!" కొసలకి గుడ్డ చుట్టి ఒకవైపు ఆయన, ఒకవైపు బాబాయ్ లాగారు. తడి నేలమీద కాలు జారి ఆయన చతికిలబడి, పడీపడీ నవ్వాడు. ఇరవై ఏళ్లలో పెద్ద సారు తనకన్నా కిందుగా కూర్చోవడం బాబాయ్ చూడటం అదే మొదటిసారి. కడుపు నిండిపోయింది.

మేడమ్ గంతులేస్తోంది. "ఐసు కట్టినప్పుడల్లా లోపలి పోగులు ఇరుక్కుని ముళ్లు పడుతున్నాయి సార్! కరిగినా ముడి విడదు! ఎన్నిసార్లు కడితే అన్ని ముళ్లు!"

"మళ్లీ చేసి చూపించండి, గది మీదే. ఇంతకీ ఎన్నిసార్లు ఐసు కట్టించి కరిగించారు?"

ఇద్దరూ బాబాయ్ వైపు తిరిగారు. అతను తన దాహాలు లెక్కేశాడు.

"మొన్నటి ముందురోజు రెండు. మొన్న మా ఆవిడ కోపంగా ఉండి కూరలో ఉప్పు కుమ్మరించింది, మూడు. నిన్న రాజీ పడ్డాం, రెండే."

"ఏడు!" మేడమ్ పుస్తకంలో రాసుకుంది.

"సరే, ముందు నన్ను లేపండయ్యా," అంటూ డైరెక్టర్ చెయ్యి చాచాడు.

బాబాయ్ చెయ్యివ్వలేదు. జెల్ కొస అందించాడు.